గింజలూ, దేవుడూ

రైలు ప్రయాణంలో మనిషికి రెండు రోగాలు పట్టుకొంటాయి. ఒకటి ఆకలి, రెండోది అభిప్రాయం. ఆకలికి మందు ప్రతి స్టేషనులోనూ గంపల్లో అమ్ముతారు. అభిప్రాయానికి మందు దొరకటం బహు అరుదు. మొన్నటి ప్రయాణంలో నాకు దొరికింది. చేదుగానే ఉన్నది గాని పనిచేసింది. అందుకని మీతో చెప్పుకొంటున్నాను.

బంధువుల ఇంట గృహప్రవేశానికి బెజవాడనుంచి నెల్లూరు వెడుతున్నాను. ఆవకాయ రోజులు కావటంచేత శ్రీమతి జాడీలను వదిలి కదలనన్నది. ఒక్కణ్ణే బయలుదేరాను. చీరాలలో ఒక వర్తకుడు ఎక్కి నాకెదురుగా కూర్చున్నాడు. వేటపాలెంలో జీడిపప్పు బేరం చూసుకొని వస్తున్నానని, కూర్చోకముందే పెట్టెలో అందరికీ తెలియజేశాడు. కిటికీ దగ్గర ఒక వృద్ధుడు బత్తాయిపండు ఒలుచుకొంటున్నారు. తొనకు తొన విడదీసి, గింజలు ఒక పక్క, తొక్కలు ఒక పక్క పెట్టి, ఆ తొక్కలను కాగితంలో పొట్లం కడుతున్నారు. లెక్కలు చెప్పిన మేస్టారై ఉంటారని అప్పుడే అనుకొన్నాను. తర్వాత అది నిజమే అయింది.

అమ్మనబ్రోలు దాటిన తర్వాత దూరాన చెట్లమధ్య తెల్లటి చర్చి శిఖరం ఒకటి కనిపించి మాయమయింది. వర్తకుడు దానివైపు గడ్డం ఎగరేశాడు.

"ఈ ప్రాంతమంతా అంతేనండీ. వెనకటి కరువులో గింజలు పోసి కలిపేసుకొన్నారు. ఊరికే ఎవడు పెడతాడు చెప్పండి?"

"నిజమే. ఊరికే ఎవరు పెడతారు?" అని నేనూ తల ఊపాను. ఊరికే పెట్టకపోవటంలో నాకు కొంత అనుభవం ఉన్నది. ఆ సంగతి చివర చెబుతాను.

వృద్ధుడు ఆఖరి తొన నోట్లో వేసుకొన్నారు. చేతిగుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకొన్నారు.

"ఒక లెక్క అడుగుతాను, చెప్పండి. ఒక దుకాణదారుడున్నాడు. ఏళ్ళ తరబడి వచ్చే బేరం అంతంతమాత్రం. ఉన్నట్టుండి ఒక ఏడు జనం బారులు తీరి, మాకివ్వండి మాకివ్వండి అని మీదపడుతున్నారు. అప్పుడతను తలుపు మూసి, పదిహేను నెలలు తాళం తియ్యలేదు. ఎందుకని?"

"పిచ్చి పట్టి ఉండాలి. లేకపోతే ధర పెరగనీ అని చూస్తూ ఉండాలి" అన్నాడు వర్తకుడు, వృత్తిధర్మం తప్పకుండా.

"పెరగటానికి కాదు నాయనా. కరువు తీరి, పని అయిపోయి, తన చేతిలో ఇవ్వటానికి గింజ గూడా లేని రోజు వచ్చేదాకా ఆగాడు. అప్పుడు తలుపు తీశాడు. గింజలకోసం వచ్చేవాళ్ళయితే అప్పుడు రాకూడదు గదా?"

సరిగా అప్పుడే రైలు గుండ్లకమ్మ వంతెన ఎక్కింది. చక్రాల మోతలో ఎవరి మాటా వినిపించలేదు. వంతెన దిగాక ఆయన వెనక్కు చెయ్యి చూపించారు. "ఆ తలుపు తీసింది ఈ యేటి ఒడ్డునే. ఎగువన వెల్లంపల్లి దగ్గర. 1878. పుస్తకాలున్నాయి, తీరిక ఉంటే చూసుకోండి" అని, ఒంగోలు రాగానే తొక్కల పొట్లంతోసహా దిగిపోయారు. ఆయన ఏ మతంవారో అడగాలని నోటిదాకా వచ్చింది. ఏ మతమయితే లెక్క తప్పుతుంది గనక అనిపించి ఊరుకొన్నాను.

నెల్లూరులో భోజనం చేశాను గాని, ఆ పదిహేను నెలలు మాత్రం అరగలేదు. ఇంటికి వచ్చి పుస్తకాలు వెతికాను. తెలుసుకొన్నది మీ ముందు పెడతాను.

ఆ దుకాణదారుడి పేరు జాన్ ఎవరెట్ క్లౌ. అమెరికాలో 1836లో పుట్టాడు. మతబోధకుడు కాకముందు కుర్రతనంలో భూములు కొలిచే సర్వేవాళ్ళతో తిరిగి ఆ పని నేర్చుకొన్నాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు ముందు పనికివస్తుంది. బాప్టిస్టు మిషను తరఫున మన దేశం వచ్చి, 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోది.

వచ్చిన కొత్తలోనే ఆయనకు ఒక పరీక్ష ఎదురయింది. ఊళ్ళో పెద్దకులాలవారు తమ పిల్లలను ఆయన బడికి పంపుతున్నారు. పెద్దమనుషుల రాకపోకలున్నాయి. ఏ బోధకుడయినా కోరుకొనేది అదే గదా. పెద్దలు కలిస్తే చిన్నవాళ్ళు వాళ్ళే వస్తారని లెక్క. ఇంతలో పల్లెలనుంచి మాదిగలు రావటం మొదలయింది. వాళ్ళలో మొదటివాడు తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ళవ్యాపారం చేసుకొనేవాడు. రాజయోగం అభ్యసించినవాడు, దేవుడెవరో తేల్చుకోవాలని తపనపడ్డవాడు. క్లౌ అతన్ని వెతుక్కొంటూ వెళ్ళలేదు. అతనే నడిచి వచ్చాడు.

పెద్దలకు కోపం వచ్చింది. వాళ్ళను చేర్చుకొంటే మా పిల్లలు రారు అన్నారు. ఆ రాత్రి తానూ, తన భార్యా వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే చోటు కంటబడిందని క్లౌ తర్వాత చెప్పుకొన్నాడు. లోకం లెక్కలోకి తీసుకోనివాళ్ళను దేవుడు ఎన్నుకొంటాడని పౌలు రాసిన చోటు అది. యాదృచ్ఛికమో, దైవఘటనో మీ ఇష్టం. తెల్లవారి ఆయన చేసిన పని మాత్రం యాదృచ్ఛికం కాదు. పెద్దల పిల్లలను వదులుకొన్నాడు. వచ్చినవాళ్ళను ఉంచుకొన్నాడు.

తర్వాత పదేళ్ళకు ధాతనామ సంవత్సరం వచ్చింది. మన ముత్తాతల నోట ధాత కరువు అనే మాట విన్నవాళ్ళు ఇంకా కొందరుంటారు. 1876లో వానలు ఎగవేశాయి, మరుసటి ఏడూ మొండిచెయ్యి చూపాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో దక్షిణదేశంలో చచ్చిపోయినవారు 50 లక్షలకు పైమాట అని అంచనా. ముందుగా పోయింది ఎవరు? పొలం లేనివాడు, కొట్టులో గింజ లేనివాడు, ఊరి బావిమీద చెయ్యివెయ్యటానికి వీల్లేనివాడు.

ఆ రోజుల్లో దొరలు ఏం చేస్తున్నారని మీరడగవచ్చు. 1877 జనవరి 1న ఢిల్లీలో రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు, విక్టోరియా రాణిని భారతచక్రవర్తినిగా చాటుతూ దర్బారు చేశాడు. అదే నెలలో ఆయన పంపగా మద్రాసు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు కూలీలకు ఖర్చు ఎక్కువవుతున్నదని లెక్కలు వేసి కూలి తగ్గించాడు. మగమనిషి రోజంతా మట్టి మోస్తే ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే ఇప్పటి తూకంలో 450 గ్రాములు. ఇది మనిషిని పనిలో నిలబెట్టే తిండి కాదు, పాడె ఎక్కించే తిండి అని మద్రాసులో ప్రజారోగ్యాధికారి అయిన డాక్టరు కార్నిష్ పోట్లాడాడు. కనీసం పౌనున్నర అయినా కావాలన్నాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. ఈలోపల పోయినవాళ్ళు పోనే పోయారు.

ఇక్కడ నాకు తోచిన మాట ఒకటి చెబుతాను. లిట్టన్, టెంపుల్, కార్నిష్, క్లౌ, నలుగురూ పుట్టింది ఒకే మతంలో. నలుగురి ఇళ్ళలోనూ ఉన్నది ఒకే గ్రంథం. ఆ గ్రంథంలో ఆఖరి తీర్పునాటి సంగతి ఒకటి ఉన్నది. అక్కడ, ఎన్ని ఆదివారాలు గుడికి వచ్చావు, ఎన్ని పాటలు పాడావు అని ఎవరూ అడగరు. ఆకలిగొన్నవాడికి పెట్టావా, దాహమన్నవాడికి ఇచ్చావా, చెరలో ఉన్నవాణ్ణి చూడబోయావా, అదీ ప్రశ్న. ఆ గ్రంథంలోనే ఆమోసు అని ఒక పశువుల కాపరి, పండుగలూ పాటలూ ఎవరికి కావాలి, ముందు న్యాయం చెయ్యండని దేవుడి తరఫున దేశంమీద తగవు పెట్టుకొన్నాడు. ఒకే పుస్తకం చదివి ఒకరు పౌను అన్నారు, ఒకరు పౌనున్నర అన్నారు. మతంలో ఉన్న తేడా అంతా ఆ అరపౌనులోనే ఉన్నదనిపిస్తుంది నాకు.

సరే, క్లౌ దగ్గరికి వద్దాం. ఆయన తన ఇంటిముందు గంజి కేంద్రం ఒకటి పెట్టి ఊరుకొంటే మంచి మనిషి అనిపించుకొనేవాడు. ఆయన అంతటితో ఆగలేదు. సర్కారువారు బకింగ్‌హాం కాలువ తవ్విస్తున్నారు. సముద్రపు ఒడ్డువెంట మద్రాసుకు పడవల దారి అది. కరువుపని అక్కడ ఉన్నది. కాని ఆ పనిలోకి వెళ్ళిన మాదిగలు ఏడుస్తూ తిరిగి వస్తున్నారు. పైకులాల మేస్త్రీలు తిట్టటం, కొట్టటం, చేసిన పనికి కూలి సరిగా ముట్టకపోవటం. పనికూడా కులం చూసి పెడుతున్నారు.

అప్పుడు క్లౌ చేసిన పని చూడండి. తానే సర్కారు దగ్గర మూడున్నర మైళ్ళ కాలువ కంట్రాక్టు తీసుకొన్నాడు. బోధకుడేమిటి, కంట్రాక్టరేమిటి అని నవ్వినవాళ్ళుంటారు. ఇందాక గుర్తుంచుకోమన్నానే, ఆ కొలతలు కొలిచే విద్య ఇప్పుడు అక్కరకు వచ్చింది. తనతో ఉన్న తెలుగు బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. వచ్చినవాడిది ఏ కులమని అడగలేదు. పైకులాలవారుగూడా వచ్చి తవ్వారు. తవ్విన మట్టికి సరయిన కొలత, కొలతకు సరయిన కూలి.

ఇందులో దయ ఎంత ఉన్నదో, న్యాయం అంత ఉన్నది. అన్నం పెట్టటం దయ. కూలి ఎగవెయ్యకుండా చూడటం న్యాయం. దయ చూపితే చేతులు జోడిస్తారు. న్యాయం చేస్తే జోడించరు, తలెత్తి నిలబడతారు. మొదటిది చూడటానికి మనకు ముచ్చటగా ఉంటుంది. రెండోది అంత ముచ్చటగా ఉండదు.

ఇక ఆ పదిహేను నెలల సంగతి. కాలువగట్టు మీద మధ్యాహ్నం కాసేపు అలుపు తీర్చుకొనేటప్పుడు ఆ మేస్త్రీలు జనంతో కూర్చుని తమ దేవుడి కథలు చెప్పేవారు. చెప్పకుండా ఎందుకుంటారు, వాళ్ళ వృత్తే అది. జనం విన్నారు. మాకు బాప్తిస్మం ఇవ్వండని వందలమంది అడిగారు. క్లౌ ఇవ్వనన్నాడు. కరువు పని తన చేతిలో ఉన్నంతకాలం, కూలి తన చేతిమీదుగా వెడుతున్నంతకాలం, ఒక్కరికీ ఇవ్వనన్నాడు. సముద్రాలు దాటి ఆ మనిషి వచ్చిందే అందుకు. ఎదురుగా వేలమంది చెయ్యి చాచి నిలబడ్డారు. స్వదేశంలో ఆయనకు డబ్బు పంపేవాళ్ళు లెక్కలకోసం చూస్తూ ఉంటారు. అయినా చెయ్యి ముడుచుకొన్నాడు. ఆకలితో ఉన్నవాడు చెప్పే "సరే" సరే కాదని ఆయనకు తెలుసు.

1878 నడివేసవికి ఆ పని ముగిసింది. క్లౌ జనాన్ని పిలిచి, ఇక నా దగ్గర ఇవ్వటానికేమీ లేదు, వెళ్ళండన్నాడు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మమే కావాలన్నారు వాళ్ళు. ఆయన ఇంకా వెనకాడాడు. దాచకుండా చెప్పాలంటే, మీరు ఇవ్వకపోతే కతోలికు గురువులు ఇస్తారన్న మాటగూడా ఆయన చెవిని పడింది. అది ఆయనను కొంత తొందరపెట్టింది. మనిషన్నవాడికి పోటీ ఉండకుండా ఎలా ఉంటుంది?

జులై 2న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 614 మంది. మర్నాడు, జులై 3న, 2,222 మంది. నాలుగోతేదీన 700. మూడురోజుల మొత్తం 3,536. ఆ రెండువేల పైచిలుకు రోజున క్లౌ నీళ్ళలో దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొని ఆ పని నడిపారు. అంతమందిని ఒక్క రోజున ఎలా నమ్మటమని అనుమానించినవాళ్ళు ఆయన మతంలోనే ఉన్నారు. లెక్కల మేస్టారు వర్తకుణ్ణి అడిగిన ప్రశ్నే వాళ్ళకూ జవాబు.

ఇదంతా చెప్పి క్లౌను దేవుణ్ణి చెయ్యటం నా ఉద్దేశం కాదు. ఆయన తన మతమే మంచిదని నమ్మి, దానిలోకి మనుషులను పిలవటానికి వచ్చినవాడు. మన దేవుళ్ళను గురించి ఆయనకున్న అభిప్రాయం వింటే నేనూ మీరూ ఆయనతో తగవు పెట్టుకొంటాం. గుండ్లకమ్మలో మునిగి లేచినంతమాత్రాన ఎవరి కులమూ కొట్టుకుపోలేదు. అది చర్చిలోకిగూడా వెంట నడిచి వచ్చింది. అయినా, తనకు అన్నిటికంటె ప్రియమయినదాన్ని ఎదుటివాడి ఆకలితో బేరం పెట్టనన్న మనిషి ఏ మతంలో కనిపించినా ఒక నమస్కారం పెట్టవచ్చుననుకొంటాను.

క్లౌ 1910లో పోయాడు. ఆయన కథను రెండో భార్య ఎమ్మా పుస్తకం చేసింది, 1914లో అచ్చయింది. దాని పేరుకు అర్థం, తూర్పుదేశంలో సాంఘిక క్రైస్తవం అని. ఆమె తోడబుట్టిన వాల్టర్ రౌషెన్‌బుష్ అమెరికాలో, కార్మికుడి కూలికీ కష్టానికీ సంబంధించని భక్తి భక్తి కాదని వాదించిన ప్రసిద్ధ మతపండితుడు. తమ్ముడు పుస్తకాల్లో చెప్పినదానికి, ఒంగోలు కాలువగట్టు మీద ఉదాహరణ దొరికిందని అక్క అనుకొని ఉండవచ్చు.

ఆ కథ చదువుతూ ఉండగా, నన్ను పట్టుకొన్న ముక్క మరొకటి ఉన్నది. చేరినవాళ్ళకు ముఖ్యంగా మూడు నియమాలు పెట్టారట. విగ్రహాలకు మొక్కకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఆదివారం పని చెయ్యకూడదు. ఈ మూడోదాన్ని చూసి మొదట నవ్వుకొన్నాను. దయ, న్యాయం అని ఇంత చెప్పి చివరికి ఆచారంలోకే వచ్చారే అనుకొన్నాను. తర్వాత ఆలోచిస్తే నవ్వు ఆగిపోయింది. ఏడాదికి 365 రోజులూ ఊరి ఆసాములు పిలిస్తే పరుగెత్తవలసిన మనిషికి, ఈ ఒక్క రోజు నేను రాను అనే మాట ఎప్పుడు దొరికింది? ఆసాములు అందుకే మండిపడ్డారు. పనిలోకి రానివ్వలేదు, రకరకాల బాధలు పెట్టారు. మనకు ఆచారంగా కనిపించింది వాళ్ళకు హక్కు. అయినా వాళ్ళు ఆ రోజు వదులుకోలేదు.

అక్కడ పుస్తకం మూసేశాను. ఎందుకు మూశానో ఇప్పుడు చెప్పాలి.

మా ఇంట్లో అంట్లు తోమి, బట్టలు ఉతికే ఆమె ఉన్నది. పదేళ్ళయి చేస్తున్నది. ఆదివారం ఒక్కటే రాదు. పొద్దున్నే తెల్లచీర కట్టుకొని ప్రార్థనకు వెడుతుంది. వేసవిలో కొడుకు కాలేజీ ఫీజుకు మూడువేలు కావాలని అడిగింది. ఇచ్చాం. వడ్డీ అడగలేదు, జీతంలో పట్టుకోలేదు. "తీర్చేదాకా ఆదివారంగూడా ఒక గంట వచ్చి పోతూ ఉండు, అంతే" అన్నాం. అన్నాం అని బహువచనం వాడాను గాని, ఆ ఉపాయం నాదే. ఎంత చక్కగా కుదిరిందని నన్ను నేను మెచ్చుకొన్నానుగూడా. ఆమె ఒక్క క్షణం నిలబడి, "సరేనండి అయ్యగారూ" అన్నది. నాలుగు ఆదివారాలు వచ్చింది. మా ఇంట అంట్లు తీరేసరికి, అక్కడ ప్రార్థన ముగిసేది.

ఆకలితో ఉన్నవాడు చెప్పే "సరే" సరే కాదని ఇందాక రాశానే, ఆ వాక్యం నాకు వెల్లంపల్లిలో దొరకలేదండీ. మా పెరట్లో దొరికింది. కరువులో గింజలు పోసి మతం పుచ్చుకొన్నారని రైల్లో తల ఊపిన పెద్దమనిషిని నేను. ఫీజుకు మూడువేలు పోసి ఆదివారం పుచ్చుకొన్నవాణ్ణీ నేనే.

రాత్రి భోజనాల దగ్గర శ్రీమతితో చెప్పాను, ఇక ఆదివారాలు ఆమెను రావద్దనాలని. ధాత కరువు మొదలుకొని కాలువ దాకా అంతా చెప్పాను. ఆవిడ ఓపికగా విన్నది.

"అంతా బాగానే ఉందండీ. నేను మాత్రం కాదంటానా? మరి ఆదివారం అంట్లు ఎవరు తోముతారు?"

ఈ ప్రశ్నకు ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. కాసేపు ఆలోచించి, "నేను" అన్నాను. ఆవిడ నావైపు చూసిన చూపు క్లౌ కంట్రాక్టు తీసుకొన్నప్పుడు ఆయన భార్య చూసి ఉంటే, ఆ కాలువ తవ్వి ఉండేవాడు కాదు.

మర్నాడు పొద్దున పనిమనిషితో, "ఆదివారాలు నువ్వు రానక్కర్లేదమ్మా. డబ్బు నీకు వీలయినప్పుడు ఇద్దువుగాని. ఆ మాట నేను అనవలసింది కాదు" అన్నాను. చివరి వాక్యం పలకటానికి ఎంత కష్టమయిందో మీకు చెప్పలేను. ఆమె, "దాందేముందిలెండి" అని గిన్నెలు తీసుకొని పెరట్లోకి వెళ్ళింది. అయితే ఆ రోజు గిన్నెల చప్పుడు మామూలుకంటె కొంచెం తేలికగా వినిపించింది. నా భ్రమేమో.

ఆదివారం వచ్చింది. పెరట్లో పీట వేసుకొని కూర్చున్నాను. మూకుడు మాడు వదలటానికి ఎంత రాపిడి కావాలో అరవయ్యో ఏట తెలుసుకొన్నాను. రెండోది తోముతూ ఉండగా ఆమె సందులోంచి పోతూ కనిపించింది. తెల్లచీర లేదు. చేతిలో క్యారేజీ, చంకన సంచి.

"అదేమిటి? ఇవాళ ప్రార్థనకు వెళ్ళలేదా?" అన్నాను. నేను తోముతున్న గిన్నెలు వృథా అయిపోతున్నాయేమోనని గొంతులో కొంచెం నిష్ఠూరం గూడా పలికి ఉండాలి.

"మా పక్కింటి ముసలమ్మని పెద్దాసుపత్రిలో చేర్చారండి. కోడలు పురిటికి పుట్టింటికెళ్ళింది, కొడుకు డ్యూటీకి పోయాడు. ఒక్కత్తే ఉంది. గంజి కాసుకెళ్తున్నా."

ఆ ముసలమ్మ తెల్లవారితే తులసికోటకు మొక్కే మనిషని నాకు తెలుసు. కుళాయి దగ్గర వీళ్ళిద్దరికీ పేచీలయిన రోజులూ తెలుసు.

"అలాగా? మరి వారం వారం నువ్వు మానవుగదా?"

ఆమె నావైపు, నా చేతిలో పీచువైపు, నేను తోమిన గిన్నెలవైపు వరసగా చూసింది.

"పాస్టరుగారు పై ఆదివారం గూడా ఉంటారండి" అన్నది. రెండడుగులు వేసి వెనక్కు తిరిగింది. "అయ్యగారూ, ఆ మూకుడుకి పీచు చాలదు. కాస్త బూడిద వెయ్యండి."

బూడిద వేశాను. మాడు వదిలింది.